తీరిక వేళ: నాలుగంగుళాల రైల్వే టవర్

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. అమెరికా వచ్చిన మన తరానికి ఈ రెండింట్లో మొదటిది అంత కష్టమైన పని కాకుండా పోయింది. బిల్డర్ ఆఫీసుకి వెళ్ళి, నాలుగు ప్లానుల్లో ఒకటి ఎంచుకుని, గ్రానైటు రంగూ కార్పెట్ రంగూ చెప్పి వస్తే కొన్ని నెలల్లో తాళాలు చేతికొస్తాయి. గోడ లోపల ఏముందో, కప్పు ఏ కోణంలో కోశారో మనకి తెలియదు, తెలియవలసిన అవసరమూ రాదు. ఆ సామెత రుచి నిజంగా తెలుసుకోవాలంటే దానికి స్థలమూ లోనూ అక్కర్లేదు. భోజనాల బల్ల మీద ఒక మూల, ఒక పదునైన చాకు, ఒక స్టీలు స్కేలు, రెండు మూడు నెలల వీకెండ్లు చాలు. ఈసారి మన శీర్షికలో అలాంటి ఇల్లొకటి కడదాం. ఎత్తు నాలుగంగుళాలు. పేరు సిగ్నల్ టవర్.

క్రిస్మస్ రోజుల్లో షాపింగ్ మాల్స్‌లో, మ్యూజియముల్లో కొండలూ వంతెనలూ ఊళ్ళూ పెట్టి తిప్పే మోడల్ రైళ్ళని మీరు చూసే ఉంటారు. ఆ ఊళ్ళలో కనిపించే ఇళ్ళు చాలావరకు కిట్లు. కొలత ప్రకారం తయారైన ముక్కలు పెట్టెలో వస్తాయి, మనం అంటించడమే. అలా కాకుండా ఉత్త ప్లాస్టిక్ రేకులూ సన్నని పుల్లలూ కాగితమూ తీసుకుని, కొలతలు మనమే తేల్చుకుని, ప్రతి ముక్కా మనమే కోసి కట్టడాన్ని ఈ హాబీ వాళ్ళు స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. పేకెట్ పొడితో చేసిన సాంబారుకీ, పప్పు ఉడకబెట్టి చింతపండు పిసికి చేసిన సాంబారుకీ ఉన్న తేడా ఇది. రెండూ కడుపు నింపుతాయి. కానీ ఏ దినుసు ఎందుకు పడుతుందో రెండోది చేసినవాళ్ళకే తెలుస్తుంది.

టవరే ఎందుకు?

మన ఊళ్ళ రైల్వే స్టేషన్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ప్లాట్‌ఫారం దాటి కాస్త దూరం వెళ్ళాక పట్టాల పక్కన రెండంతస్తుల చిన్న కట్టడం ఉండేది. పై అంతస్తు నిండా కిటికీలు, కిటికీల వెనక వరసగా నిలబడ్డ ఇనుప లీవర్లు. దాన్ని మనం కేబిన్ అనేవాళ్ళం. లోపల పనిచేసే ఆయన కేబిన్‌మేన్. ఇంగ్లండులో దాన్నే సిగ్నల్ బాక్స్ అన్నారు, అమెరికాలో టవర్ అన్నారు. పేరేదైనా పని ఒక్కటే. ఏ బండి ఏ దారిన పోవాలో చూసి, ఆ దారికి పట్టాలు తిప్పి, ఆ తరవాతే సిగ్నల్ ఇవ్వడం.

ఇందులో 'ఆ తరవాతే' అన్న మాట ముఖ్యం. తొలి రోజుల్లో పట్టాలు తిప్పే లీవరు ఒక చోట, సిగ్నల్ లీవరు ఇంకో చోట ఉండేవి. మనిషి మరిచిపోతే పట్టాలు ఒక దిక్కుకీ సిగ్నల్ ఇంకో దిక్కుకీ ఉండిపోయేవి. 1856లో ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ అనే ఆయన పట్టాలనీ సిగ్నళ్ళనీ కలిపి నడిపే ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. తరవాత మరికొందరు దాన్ని మెరుగుపరిచారు. పట్టాలు సరిగ్గా తిరిగితే తప్ప సిగ్నల్ లీవరు కదలకుండా ఇనుప కడ్డీలతో ఒకదానికొకటి గొళ్ళెం పెట్టారు. దాని పేరు ఇంటర్‌లాకింగ్. అమెరికాలో మొదటిది 1870లో న్యూజెర్సీలోని ట్రెంటన్ దగ్గర వచ్చింది.

మా టెక్సాస్‌లో రెండు కంపెనీల పట్టాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటే చోట్ల ఇలాంటి టవర్లు కట్టించి, రైల్‌రోడ్ కమిషన్ వాటికి వరసగా నంబర్లు ఇచ్చింది. ఫోర్ట్‌వర్త్‌లో రైళ్ళు బాగా రద్దీగా ఉండే ఒక కూడలిని ఈనాటికీ టవర్ 55 అనే పిలుస్తారు. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళు హైవే 59 మీద నైరుతి దిక్కుకి వెళ్తే రోజెన్‌బర్గ్ వస్తుంది. అక్కడి టవర్ 17 1903లో పని మొదలుపెట్టింది. టెక్సాస్‌లో మనుషులు కూర్చుని పనిచేసిన టవర్లలో చివరిది అదే. 2004 ఫిబ్రవరిలో మూసేశారు. అదృష్టం బాగుండి దాన్ని కూల్చకుండా ఆ ఊళ్ళోని రైల్‌రోడ్ మ్యూజియానికి తరలించారు. చెక్క గోడల పాత టవర్ ఎలా ఉంటుందో చూడాలంటే పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళండి. నేను కట్టిన మోడల్ దానికి నకలు కాదు, ఆ జాతి టవర్లలో చిన్నది. కానీ కొలత అన్నది కళ్ళారా చూసి నేర్చుకోవలసిన విద్య.

కొలతలు: ఇంట్లోనే లెక్కల క్లాసు

మోడల్ రైళ్ళలో ఎక్కువమంది వాడే సైజు హెచ్‌ఓ. అసలు వస్తువుని దాదాపు 87 రెట్లు తగ్గిస్తే వచ్చే సైజు అది. లెక్క సులువు: ఒక అడుగు మూడున్నర మిల్లీమీటర్లు. ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్లు, అంటే మన చిటికెన వేలి గోరు రెండింతలు.

కట్టాలనుకున్న టవర్‌కి ప్లాను దొరక్కపోతే పాత ఫొటో చాలు. ఫొటోలో మనకి కచ్చితంగా కొలత తెలిసిన వస్తువు ఒకటి వెతకాలి. పట్టాల మధ్య దూరం 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. తలుపు దాదాపు ఏడడుగులు. అన్నిటికన్నా మంచి కొలబద్ద గోడ పలకలే. పలక పలకకీ అయిదంగుళాల ఎడం ఉందని తేలితే, కింది నుంచి పైకి 48 వరసలు లెక్కపెడితే గోడ 20 అడుగులు. ఒక్క జాగ్రత్త ఉంది. కొలబద్దగా తీసుకున్న వస్తువు, కొలవవలసిన గోడ రెండూ కెమెరాకి ఒకే దూరంలో ఉండాలి. దగ్గరి వస్తువు పెద్దగా, దూరపుది చిన్నగా కనిపిస్తుందన్న సంగతి పిల్లలకి పాఠంలో చెబితే ఎక్కదు. ఇక్కడ చెబితే ఇట్టే ఎక్కుతుంది.

నా టవర్ అడుగు భాగం 12 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు. గోడల ఎత్తు 22 అడుగులు. అంటే 42, 84, 77 మిల్లీమీటర్లు. కప్పూ పొగగొట్టమూ కలిపితే మొత్తం 100 మిల్లీమీటర్ల చిల్లర.

గోడలు, కిటికీలు

గోడలకి స్టైరీన్ అనే తెల్ల ప్లాస్టిక్ రేకు వాడతాం. పలకల గీతలు ముందే ఉన్న రేకులు ఎవర్‌గ్రీన్ లాంటి కంపెనీలవి హాబీ షాపుల్లో దొరుకుతాయి. దీన్ని కత్తిరించకూడదు. స్కేలు పెట్టి చాకుతో రెండు మూడుసార్లు తేలిగ్గా గీసి, గీత దగ్గర వంచితే పలకలా విరుగుతుంది. బలంగా ఒక్క దెబ్బకి కోయాలని చూస్తే చాకు పక్కకి జారుతుంది. నిదానమే ప్రధానం అన్న మాట ఇక్కడ నీతి కాదు, పద్ధతి.

కిటికీలకి ముందు నాలుగు మూలలా చిన్న చిల్లులు పెట్టి, చిల్లు నుంచి చిల్లుకి గీసి, లోపలి ముక్క తీసేయాలి. మూల దగ్గర చిల్లు ఉంటే గీత అక్కడితో ఆగుతుంది, గోడ చీలదు. చట్రాలు కూడా సన్నని పట్టీలతో చేసుకోవచ్చు. కళ్ళు సహకరించని మన వయసు వాళ్ళు రెడీమేడ్ చట్రాలు కొనుక్కున్నా తప్పు లేదు. గోడలు నిలబెట్టక ముందే, బల్ల మీద పడుకోబెట్టి ఉన్నప్పుడే కిటికీల పని పూర్తి చేసుకోవాలి. మన మేస్త్రీలు గోడ లేచాక గూడు తొలిచినట్టు ఇక్కడ కుదరదు.

మూలలు కలిపేటప్పుడు వడ్రంగి మూలమట్టం లాంటి చిన్న స్టీలు దిమ్మ పక్కన పెట్టుకోండి. ఒక్క మూల 90 డిగ్రీలు తప్పితే ఆ తప్పు కప్పు దాకా పాకుతుంది. లోపలి వైపు చదరపు పుల్ల ఆసరాగా పెట్టి అతికించాలి. దీనికి వాడేది జిగురు కాదు, ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెండు ముక్కల్ని ఒకటిగా చేసే పల్చటి ద్రావకం. కుంచెతో అతుకు చివర తాకిస్తే చాలు, సందు వెంట తనే పాకుతుంది. దీని ఆవిరి మంచిది కాదు, పైగా అంటుకునే గుణం ఉంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, పెద్దవాళ్ళే వాడాలి. చాకు కూడా అంతే. పిల్లలకి కొలవడం, గీతలు గీయడం, గరుకు కాగితంతో రుద్దడం, రంగు వేయడం అప్పగించండి. అందులోనే బోలెడంత పని ఉంది.

కప్పు దగ్గర పైథాగరస్

నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు అందంగా ఉంటుంది, లెక్కా బాగుంటుంది. చూరు గోడ దాటి నాలుగు వైపులా రెండేసి అడుగులు రావాలి. కాబట్టి కప్పు అడుగు కొలత 16 అడుగులు, 28 అడుగులు. అన్ని వైపులా ఒకే వాలు అయితే పైన ఉండే వెన్ను పొడవు 28 లోంచి 16 తీసేస్తే 12 అడుగులు. వాలు ప్రతి రెండడుగులకీ ఒక అడుగు లేస్తుందనుకుందాం. సగం వెడల్పు 8 అడుగులు కాబట్టి కప్పు లేచేది 4 అడుగులు.

ఇప్పుడు ముక్క ఎంత ఎత్తున కోయాలి? పైనుంచి చూస్తే 8 అడుగులే కనిపిస్తుంది. కానీ ముక్క ఏటవాలుగా ఉంటుంది. 8 వర్గం 64, 4 వర్గం 16, కలిపితే 80, దాని వర్గమూలం దాదాపు 8.94. హెచ్‌ఓలో 31.3 మిల్లీమీటర్లు. 28 మిల్లీమీటర్లకి కోస్తే నాలుగు ముక్కలూ పైన కలవవు. మా అమ్మాయి స్కూల్లో చదివిన సూత్రం అంతదాకా పరీక్షలో వచ్చేదే. ఆ రోజు మాత్రం నాలుగు ముక్కలూ వెన్ను దగ్గర సందు లేకుండా కలిసేసరికి, "నాన్నా, ఇది నిజంగా పనిచేస్తుంది!" అంది.

కప్పు మీద షింగిల్స్ కోసం మామూలు కాగితం చాలు. సన్నని పట్టీలు కోసి, అంచున చిన్న గాట్లు పెట్టి, చూరు దగ్గర మొదలుపెట్టి ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా పైకి అంటించుకుంటూ పోవాలి. మన పెంకుటిళ్ళ కప్పు నేసే పద్ధతే ఇది. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు లోపలికి పోతాయి. మోడల్ మీద వాన పడదు, కానీ చూసేవాళ్ళ కంటికి తెలిసిపోతుంది.

బయట వైపు మెట్లు. పై అంతస్తు నేల 10 అడుగుల 8 అంగుళాల ఎత్తులో పెట్టుకుంటే, మెట్టుకి 8 అంగుళాల చొప్పున సరిగ్గా 16 మెట్లు. రంగు విషయానికొస్తే సదరన్ పసిఫిక్ కంపెనీ భవనాలకి పసుపు రంగూ గోధుమ రంగు అంచులూ ఉండేవి. పల్చగా కలిపిన నలుపు రంగు ఒక పూత పూసి తుడిచేస్తే పలకల సందుల్లో కొంచెం మిగిలి, ఏళ్ళ తరబడి పొగ తిన్న గోడ తయారవుతుంది.

లోపల ఎవరున్నారు?

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. బయటికి ముద్దుగా ఉంది, ఇంకేం కావాలి? కానీ టవర్‌కి అన్ని కిటికీలు ఉన్నది లోపలి మనిషి బయటికి చూడడానికి. అంటే బయట ఉన్న మనమూ లోపలికి చూస్తాం. ఖాళీ గది కనిపిస్తే అది టవర్ కాదు, అగ్గిపెట్టె.

కాబట్టి లోపల ఒక బల్ల, టెలిఫోను, గోడ గడియారం, బొగ్గు పొయ్యి పెట్టాలి. గోడకి ఒక హూప్ తగిలించాలి. కర్రకి ఒక చివర పెద్ద గుండ్రని చుట్టు లాంటిది. రైలు ఆగకుండా పోతున్నప్పుడు టవర్ మనిషి పట్టాల పక్కన నిలబడి, కాగితం మీద రాసిన ఆర్డర్లు దానికి తగిలించి ఎత్తి పట్టుకుంటే, ఇంజన్‌లో ఉన్నవాళ్ళు చేయి చాచి అందుకునేవాళ్ళు. మన దగ్గర ఒంటి పట్టాల లైన్లలో స్టేషన్ మనిషి బెత్తపు చుట్టుకి తోలు సంచీ కట్టి అందులో టోకెన్ పెట్టి డ్రైవరుకి ఇవ్వడం చూసినవాళ్ళు మీలో ఉంటారు. చూడడానికి రెండూ ఒకలాగే ఉంటాయి. కానీ ఇక్కడ అందేది రాతపూర్వకమైన ఆర్డరు, అక్కడ అందేది ఆ దారి మీద హక్కు. టోకెన్ చేతిలో లేకుండా బండి కదలకూడదు.

ఇక గది మధ్యలో లీవర్లు. ఒక్కొక్కటి నేల మీద నుంచి దాదాపు నాలుగడుగులు. మనకి 14 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ ముక్క. సిగ్నళ్ళవి ఎరుపు, పట్టాలు తిప్పేవి నలుపు, పట్టాలని కదలకుండా బిగించేవి నీలం, వాడని లీవర్లు తెలుపు. రంగు వేసేటప్పుడు ఏ లీవరు దేనిదో నిర్ణయించాలి. అక్కడే అసలు ప్రశ్న వస్తుంది: ఏది లాగితే ఏది ఆగిపోవాలి?

పదహారులో అయిదు

పిల్లలూ, కాగితం పెన్సిలు తీసుకోండి. తూర్పు పడమర ఒక లైను, ఉత్తర దక్షిణాలు ఇంకో లైను. రెండూ ఒక చోట అడ్డంగా దాటుకుంటున్నాయి. లెక్క సులువుగా ఉండడానికి ఒక్కో లైనుకి ఒకే సిగ్నల్ అనుకుందాం. కూడలికి ముందు ఒక్కో లైనులో ఒక డీరైల్ కూడా ఉంటుంది. ఎర్ర సిగ్నల్ దాటి వచ్చిన బండిని కావాలనే పట్టాల మీద నుంచి పక్కకి దింపేసే పరికరం అది. బండి మట్టిలో దిగబడితే నష్టమే. కానీ ఇంకో రైలుని గుద్దుకోవడం కన్నా ఎంతో నయం.

లీవరు 1 తూర్పు పడమర సిగ్నల్. లీవరు 2 ఆ లైను డీరైల్. లీవరు 3 ఉత్తర దక్షిణ లైను డీరైల్. లీవరు 4 ఆ లైను సిగ్నల్. లీవరు లాగకపోతే సిగ్నల్ ఎరుపు, డీరైల్ అడ్డంగా ఉంటుంది. లాగితే సిగ్నల్ పచ్చ, డీరైల్ తొలగి దారి తెరుచుకుంటుంది. నియమాలు మూడే. 2, 3 రెండూ ఒకేసారి లాగకూడదు. 2 లాగకుండా 1 లాగకూడదు. 3 లాగకుండా 4 లాగకూడదు.

నాలుగు లీవర్లకి ఒక్కోదానికి రెండు స్థితులు, మొత్తం 16 రకాలు. వాటిలో ఎన్ని కుదురుతాయో లెక్కపెట్టండి. అయిదే! ఏదీ లాగకపోవడం ఒకటి, 2 మాత్రమే, 2 తో పాటు 1, 3 మాత్రమే, 3 తో పాటు 4. మిగతా పదకొండూ ప్రమాదాలు, లేదా ప్రమాదానికి ముందు మెట్లు. ఇక 24 లీవర్ల టవర్‌కి ఎన్ని రకాలో తెలుసా? 1,67,77,216. వాటిలో అత్యధిక భాగానికి 'కుదరదు' అని చెప్పేది పుస్తకంలో రూలు కాదు, అధికారి హెచ్చరికా కాదు. గాట్లు పెట్టిన ఇనుప పట్టీలు. లీవరు కదలనే కదలదు. నిద్ర లేని మనిషైనా, కోపంలో ఉన్న మనిషైనా, కొత్తగా చేరిన కుర్రాడైనా, ఎంత బలంగా లాగినా దానిది ఒకే జవాబు.

నేను పాతికేళ్ళుగా ప్రోగ్రాములతో బతుకుతున్నవాణ్ణి. తప్పు చేస్తే ఎర్ర అక్షరాల్లో మెసేజ్ చూపించడం మా వృత్తిలో మామూలు. యూజర్ దాన్ని చదవకుండా ఓకే నొక్కడం అంతకన్నా మామూలు. తప్పు చేశాక చెప్పడం వేరు, తప్పు చేయడానికే వీల్లేకుండా కట్టడం వేరు. ఈ రెండో విద్య కంప్యూటర్ పుట్టక ముందే, ఎవరో ఆకురాయితో ఇనుము అరగదీసి సాధించారు.

అందరూ వదిలేసే పైపులు

టవర్ కింది గోడ నుంచి పట్టాల దాకా ఇనుప పైపులు వెళ్తాయి. పైన లీవరు లాగితే అవి ముందుకీ వెనక్కీ కదిలి, ఎక్కడో దూరంగా ఉన్న పట్టాలని తిప్పుతాయి. మోడళ్ళలో ఎక్కువగా మరిచిపోయేది వీటినే. పైపులు లేని టవర్ నరాలు లేని చెయ్యి. సన్నని స్టైరీన్ కడ్డీలకి తుప్పు రంగు వేసి నేల మీద వరసగా పరవండి. ఒక్క సాయంత్రం పని, టవర్‌కి ప్రాణం వస్తుంది.

ఇంకో తమాషా. ఎండకి ఇనుము సాగుతుంది కదా. వెయ్యి అడుగుల పైపు, ఉదయానికీ మధ్యాహ్నానికీ 50 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా వస్తే, దాదాపు నాలుగంగుళాలు పెరుగుతుంది. లీవరు ముట్టుకోకుండానే పట్టాలు కదిలిపోవాలి మరి! అందుకని పైపు మధ్యలో కాంపెన్సేటర్ అనే చిన్న మీటల జత పెట్టారు. పైపు మొదటి సగం ముందుకి తోస్తే రెండో సగాన్ని అది వెనక్కి లాగుతుంది. ఎండకి రెండు సగాలూ సాగినా, ఒకదాని సాగుడు ఇంకోదానితో చెల్లిపోతుంది. కరెంటూ లేదు, సెన్సరూ లేదు. మా లేఅవుట్ మీద ఈ మీటల జత బియ్యపు గింజంత ఉంటుంది. చూడ్డానికి వచ్చిన పిల్లలు రైలు కన్నా దీని గురించే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు.

'కుదరదు' అనే మాట విలువ

1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికన్ పట్టాల్లో నిత్యం చిన్న కరెంటు పారేలా ట్రాక్ సర్క్యూట్‌కి పేటెంటు పొందాడు. బండి వస్తే దాని చక్రాలు కరెంటుని పక్కదారి పట్టిస్తాయి, సిగ్నల్ ఎర్రబడుతుంది. తీగ తెగినా, బేటరీ అయిపోయినా ఎర్రబడుతుంది. తెలియకపోతే ఆగు అన్నది ఆ ఏర్పాటు ధర్మం. 1927లో ఒహాయోలో మొదలైన కేంద్రీకృత నియంత్రణతో ఎక్కడో దూరాన ఒక్క మనిషి కూర్చుని ఎన్నో మైళ్ళ పట్టాలు తిప్పగలిగాడు. టవర్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, ఆ ఉద్యోగాలూ పోయాయి. కానీ లీవర్ల కింద ఉన్న తర్కం పోలేదు. ఇనుప పట్టీల నుంచి రిలేల్లోకీ, రిలేల నుంచి మైక్రోప్రాసెసర్లలోకీ మారింది.

ఆ తర్కానికి అందే సమాచారం తప్పయితే ఏమవుతుందో 2023 జూన్ 2 రాత్రి చూశాం. ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైనులో పొమ్మని పచ్చ సిగ్నల్ పడింది. పాయింట్లు మాత్రం గూడ్సు బండి నిలబడి ఉన్న లూప్ లైనుకి తిరిగి ఉన్నాయి. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్ తీగల్లో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. మనలో ఎంతమంది ఆ బండిలో రాజమండ్రికో విశాఖకో వెళ్ళి ఉంటాం! ఇంటర్‌లాకింగ్ అన్నది ఇంజనీర్ల పరిభాష అనుకుంటాం గానీ, మన అమ్మానాన్నలు రాత్రి బెర్తు మీద నిశ్చింతగా కళ్ళు మూసుకోవడానికి ఆధారం అదే.

ఈ మాట పిల్లలకి భయపెట్టడానికి చెప్పక్కర్లేదు. ఒక యంత్రం 'కుదరదు' అంటే దాని వెనక ఎవరో ఎప్పుడో చెల్లించిన మూల్యం ఉంటుందనీ, ఆ అడ్డు తొలగించే ముందు అదెందుకు పెట్టారో అడగాలనీ చెబితే చాలు. రేపు వాళ్ళు రాసేవి సాఫ్ట్‌వేర్లయినా, చేసేవి ఆపరేషన్లయినా పనికొచ్చే మాట ఇది.

పిల్లలకి ఈ వారాంతం పని

టవర్ కట్టడానికి నెలలు పడుతుంది గానీ గొళ్ళెం కిటుకు ఒక గంటలో చేయచ్చు. దళసరి అట్టతో రెండంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల పొడవు ఉన్న పట్టీలు రెండు కోయండి. రెండింటినీ పక్కపక్కనే, మధ్యలో ఒక అంగుళం ఖాళీ వదిలి పెట్టండి. ఎదురెదురుగా ఉన్న అంచుల్లో ఒక్కో పట్టీకి అర అంగుళం లోతున 'వి' ఆకారంలో గాటు పెట్టండి. ఇప్పుడు రెండు చివరలా ఆ గాటులో ఇమిడేంత మొన ఉన్న చిన్న ముక్క కోయండి. మొన నుంచి మొనకి ఒకటిన్నర అంగుళం. దాన్ని మధ్య ఖాళీలో పెట్టి, పట్టీల వైపుకి తప్ప ఇంకెటూ జరగకుండా అటూ ఇటూ అట్ట ముక్కలు అంటించండి. పట్టీలు కూడా నిలువుగా మాత్రమే జరిగేలా బయటి వైపు ఒక్కో అట్ట అంచు అంటించండి.

ఒక పట్టీని తోయండి. మధ్య ముక్క జారి రెండో పట్టీ గాటులో కూర్చుంటుంది. ఇక రెండోది కదలదు. మొదటిది వెనక్కి తెచ్చి రెండోది తోస్తే, మొదటిది కదలదు. ఇందాకటి మొదటి నియమం, 2, 3 లీవర్లు రెండూ ఒకేసారి వద్దన్నది, మీ చేతిలో ఉంది. తమ్ముణ్ణో చెల్లెల్నో రెండూ ఒకేసారి తోయమని పందెం కాయండి.

ఇంత శ్రమ దేనికి, త్రీడీ ప్రింటర్‌లో ఒక రాత్రిలో వస్తుంది కదా అని అడిగే స్నేహితులున్నారు. నిజమే, కిటికీ చట్రాలకి నేనూ అది మంచిదనే అంటాను. కానీ ప్రింటర్‌కి ఇచ్చే డ్రాయింగు ఎవరో ఒకరు వేయాలి. మెట్లు 16 ఎందుకో, పైపు మధ్యలో ఆ మీటలెందుకో తెలిసినవాళ్ళు వేయాలి. చేత్తో కట్టడం ఆ తెలివిడికి దగ్గరి దారి. టవర్ 17 సంగతి చెప్పాను. పెన్సిల్వేనియాలో ఉన్నవాళ్ళకి హేరిస్‌బర్గ్‌లోని హేరిస్ టవర్ ఉంది. 1991లో మూతబడ్డ ఆ టవర్‌ని స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేసి, పాత లీవర్లని కంప్యూటర్‌కి కలిపారు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు తెర మీది రైళ్ళని ఆ లీవర్లతోనే నడపచ్చు. వెళ్ళే ముందు తెరిచి ఉండే రోజులు కనుక్కోండి. తప్పు లీవరు ఒకటి లాగి చూడమని పిల్లలకి చెప్పండి. అది కదలకపోతే ఎందుకు కదల్లేదో మీరు చెప్పకండి, వాళ్ళనే కనుక్కోనివ్వండి.